పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: చెప్పిన చోటికి చేరని యంత్రపు చెయ్యి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. యంత్రపు చేతి కొస ఎక్కడికి చేరాలో చెబితే ఏ కీలు ఎంత తిరగాలో లెక్కగట్టడాన్ని ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటారు. కీళ్ల కోణాలు చెబితే కొస ఎక్కడ ఉంటుందో లెక్కగట్టడం ఫార్వర్డ్ కైనమాటిక్స్. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకపోవడం వల్లనే నలుగురికీ చిక్కులు వచ్చాయి కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారాలు. నేను గుంటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బల్ల మీద పరిచిన ఎండుమిరపకాయల్లోంచి తాలుకాయలను ఏరి పక్కన పెట్టే చిన్న చెయ్యి మా ప్రాజెక్టు. కాయ ఉన్న చోటును కెమెరా చెబుతుంది. భుజం నుంచి మోచేతికి 12 సెంటీమీటర్లు, మోచేతి నుంచి కొసకు 9 సెంటీమీటర్లు. కోడ్ పైథాన్‌లో రాశాను. కుడివైపు కాయల దగ్గరికి చెయ్యి సరిగ్గానే వెళ్తోంది గానీ, ఎడమవైపు (−9, 12) ఇస్తే (9, −12) వైపు పోతోంది. కొన్ని చోట్ల ‘మ్యాథ్ డొమైన్ ఎర్రర్’ అని ప్రోగ్రామ్ ఆగిపోతోంది. అన్నిటికంటే బాధ పెడుతున్నది ఏమిటంటే, బల్ల మీద అడ్డంగా సాఫీగా జరుగుతున్న చెయ్యి నడుమ ఒక చోట హఠాత్తుగా మోచేతిని రెండో పక్కకు తిప్పేస్తోంది. రెండు జవాబులు వచ్చినప్పుడు భుజం తక్కువ తిరిగేదాన్ని తీసుకోమని రాశాను. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీ కోడ్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు తప్పులు ఉన్నాయి. ఒకేసారి మూడింటినీ సరిదిద్దబోతే ఏది దేనివల్ల బాగుపడిందో తెలియదు. అందుకని ఇన్వర్స్ ఫంక్షన్‌ను కాసేపు పక్కన పెట్టి, ముందు ఫార్వర్డ్ ఫంక్షన్‌ను విడిగా రాయండి. భుజం కోణం కొసైన్‌ను 12తో గుణించి, భుజం, మోచేతి కోణాల మొత్తం కొసైన్‌ను 9తో గుణించి, రెంటినీ కూడితే కొస ఎక్స్ నిరూపకం వస్తుంది. కొసైన్ల స్థానంలో సైన్లు పెడితే వై వస్తుంది. దీన్ని కాగితం మీద జవాబు తెలిసిన కోణాలతో పరీక్షించండి. రెండు కోణాలూ సున్నా అయితే కొస (21, 0) దగ్గర, భుజం 90 డిగ్రీలు, మోచెయ్యి సున్నా అయితే (0, 21) దగ్గర, భుజం సున్నా, మోచెయ్యి 90 అయితే (12, 9) దగ్గర ఉండాలి. పైథాన్ త్రికోణమితి ఫంక్షన్లకు కోణాలను రేడియన్లలోనే ఇవ్వాలి కనుక, డిగ్రీలు పొరపాటున లోపలికి పోయి ఉంటే అది ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

ఇక ఆ పైన ఇన్వర్స్ ఫంక్షన్ ఇచ్చే ప్రతి జవాబునూ ఈ ఫార్వర్డ్ ఫంక్షన్‌కు ఇచ్చి, తిరిగి వచ్చిన బిందువుకూ మీరు అడిగిన బిందువుకూ మధ్య దూరాన్ని ముద్రించండి. బల్లంతా గళ్లు గీసినట్టు కొన్ని వందల బిందువులు తీసుకుని ఇలా చేయిస్తే, తప్పు బల్ల మీద ఏ భాగంలో ఉందో కనబడుతుంది. ఎక్కడ తప్పుతోందన్నదే ఎందుకు తప్పుతోందో చాలావరకు చెప్పేస్తుంది. మీరు (−9, 12)కు బదులు (9, −12) వచ్చిందని స్పష్టంగా రాయబట్టే నేను కోడ్ చూడకుండా ఈ జవాబు రాయగలుగుతున్నాను.

గమ్యం సరిగ్గా ఎదురు పాదంలోకి (అక్షాలు విడదీసే నాలుగు భాగాల్లో ఒక్కొక్కటీ ఒక పాదం), మూలబిందువుకు అవతలి వైపు అంతే దూరంలోకి పోయిందంటే, మీరు దిశను కనుక్కోవడానికి వైని ఎక్స్‌తో భాగించి, టాంజెంట్ విలువ నుంచి కోణం చెప్పే ఏటాన్ ఫంక్షన్‌కు ఇచ్చారన్నమాట. 12ను −9తో భాగించినా, −12ను 9తో భాగించినా వచ్చే విలువ ఒక్కటే. భాగహారం చేసిన క్షణంలోనే ఏ గుర్తు ఎవరిదో పోయింది. ఏటాన్ దానికి −53.13 డిగ్రీలు ఇస్తుంది, కావలసింది 126.87. ఏటాన్2 అనే ఫంక్షన్ రెండు నిరూపకాలనూ విడివిడిగా తీసుకుంటుంది కాబట్టి నాలుగు పాదాల్లోనూ సరైన దిశ చెబుతుంది, ఎక్స్ సున్నా అయినా ఇబ్బంది పడదు. పైథాన్‌లోనూ, సీ భాషలోనూ దీనికి వై ముందు, ఎక్స్ తరువాత ఇవ్వాలి. ఎక్సెల్‌లో మాత్రం ఎక్స్ ముందు ఇవ్వాలి. లెక్కను ముందు ఎక్సెల్‌లో సరిచూసుకుని తరువాత కోడ్‌లోకి ఎక్కించే విద్యార్థులకు ఈ తేడా చాలా గంటలు తినేస్తుంది.

డొమైన్ ఎర్రర్ సంగతికి వద్దాం. భుజం నుంచి గమ్యానికి ఉన్న దూరపు వర్గంలోంచి 144నూ 81నూ తీసివేసి, మిగిలినదాన్ని 216తో, అంటే 12, 9ల లబ్ధానికి రెట్టింపుతో, భాగిస్తే మోచేతి కోణపు కొసైన్ వస్తుంది. ఇక్కడ మోచేతి కోణమంటే చెయ్యి తిన్నగా చాచినప్పుడు సున్నా అయ్యే కోణం. కొందరు త్రిభుజం లోపలి కోణాన్ని తీసుకుంటారు, అది చాచినప్పుడు 180 అవుతుంది. రెంటినీ కలగలిపితే కొసైన్ గుర్తు తారుమారవుతుంది. ఆ కొసైన్ −1కీ 1కీ మధ్య లేకపోతే, కొసైన్ నుంచి కోణం చెప్పే పైథాన్ ఏకాస్ ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నంపై అనే పైథాన్ గణిత లైబ్రరీ వాడితే ఆగకుండా ‘నాన్’ (సంఖ్య కాదు) అనే విలువను ఇచ్చి, ఆ విలువను మోటారు దాకా మోసుకుపోతుంది, అది ఇంకా ప్రమాదం.

మీ చెయ్యికి 21 సెంటీమీటర్లకు అవతల ఉన్నది అందదు. 3 సెంటీమీటర్లకు లోపల ఉన్నది కూడా అందదు, ఎందుకంటే పొడవైన లింకు (కీలు నుంచి కీలుకు ఉండే ముక్క) మీదికి పొట్టి లింకును పూర్తిగా వెనక్కు మడిచినా 3 సెంటీమీటర్లు మిగిలిపోతుంది. (0, 2) ఇచ్చి చూడండి, కొసైన్ −1.02 వస్తుంది. భుజానికి మరీ దగ్గరగా ఉన్న కాయ అందకపోవడం చాలామందికి తట్టదు, దూరంగా ఉన్నదాని మీదే అనుమానమంతా ఉంటుంది. మూడో సందర్భం ఇంకొకటి ఉంది: గమ్యం సరిగ్గా 21 సెంటీమీటర్ల అంచు మీద ఉంటే కొసైన్ 1 రావాలి, కానీ కంప్యూటర్ దశాంశాల్లో చివరి అంకెలు సవరించుకోవడం వల్ల ఒక్కోసారి 1 కంటే అతి స్వల్పంగా ఎక్కువ వస్తుంది, ఏకాస్ దాన్నీ ఒప్పుకోదు. దీనికి విరుగుడుగా విలువను −1కీ 1కీ మధ్య బిగించమని చాలామంది సలహా చెబుతారు. అంత మాత్రాన ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. అలా బిగిస్తే 30 సెంటీమీటర్ల అవతల ఉన్న కాయకు కూడా చెయ్యి నిశ్శబ్దంగా ఏదో ఒక జవాబు చెబుతుంది, కెమెరా తప్పు చెబుతోందన్న సంగతి మీకు ఎప్పటికీ తెలియదు. ముందు దూరాన్ని పరిశీలించి, అందని గమ్యమైతే అందదని చెప్పే ఏర్పాటు చేయండి. ఆ తరువాత, మిల్లీమీటరులో వెయ్యో వంతు లాంటి చిన్న మినహాయింపు లోపల పడినవాటికి మాత్రమే బిగింపు వర్తింపజేయండి.

మోచెయ్యి తిరగబడడం మాత్రం లెక్కలో తప్పు కాదు, మీరు పెట్టిన నియమంలో తప్పు. ఒక గమ్యానికి మోచెయ్యి ఒక పక్క ఉండే జవాబూ, రెండో పక్క ఉండే జవాబూ రెండూ నిజమైనవే. (15, 0) తీసుకోండి. 9, 12, 15 లంబకోణ త్రిభుజపు భుజాలు కాబట్టి దీన్ని చేత్తోనే సరిచూడవచ్చు. మోచెయ్యి 90, భుజం −36.87 డిగ్రీలు ఒక జవాబు. మోచెయ్యి −90, భుజం 36.87 రెండోది. గమ్యం ఎక్స్ అక్షానికి కాస్త పైన ఉంటే మొదటి జవాబులో భుజం తక్కువ తిరుగుతుంది, కాస్త కింద ఉంటే రెండోదానిలో తక్కువ తిరుగుతుంది. అందుకే గమ్యం ఆ అక్షాన్ని దాటిన మరుక్షణం మీ నియమం భుజాన్ని దాదాపు 74 డిగ్రీలు, మోచేతిని 180 డిగ్రీలు విసిరేస్తోంది. ‘భుజం తక్కువ తిరిగేది’ అన్న నియమాన్ని తీసేసి, ‘ఇప్పుడున్న కోణాలకు దగ్గరగా ఉన్నది’ అని పెట్టండి, లేదా మోచెయ్యి ఎప్పుడూ ఒకే పక్క ఉండాలని తీర్మానించండి. మీ బల్లకు రెండోదే నయం, కాయల కుప్ప మీదుగా మోచెయ్యి ఊగదు. దగ్గరితనం కొలిచేటప్పుడు 179 డిగ్రీలకూ −179 డిగ్రీలకూ తేడా 358 కాదనీ 2 మాత్రమేననీ కోడ్‌కు తెలియాలి. తేడా కోణం సైన్, కొసైన్‌లను తిరిగి ఏటాన్2కు ఇస్తే అది దానంతటదే సర్దుకుంటుంది.

ప్రశ్న: విజయవాడలో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేస్తున్నాను. మా పిల్లలతో తోలుబొమ్మల బొమ్మలు గీయించి, వాటిని కంప్యూటర్ తెర మీద ఆడించాలని జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. బొమ్మ చెయ్యి మౌస్ వెంట వెళ్లాలి. ఫార్ములా ఒక పుస్తకంలోంచి ఉన్నదున్నట్టు దించుకున్నాను. భుజం తిప్పితే ముంచెయ్యి అంతకు రెట్టింపు తిరిగిపోతోంది. మోచెయ్యి వెనక్కు విరిగినట్టు వంగుతోంది. చెయ్యి ముక్క మోచేతి దగ్గర కాకుండా మరెక్కడినుంచో తిరుగుతోంది. పిల్లలకు చూపించలేక వాయిదా వేస్తున్నాను.

జవాబు: వాయిదా వేయవలసిన పని లేదు. తోలుబొమ్మను మించిన ఉదాహరణ ఈ పాఠానికి దొరకదు. దాని చెయ్యి తెర అనే ఒక తలంలోనే కదులుతుంది, ముక్కలకు రంధ్రం చేసి దారంతో ముడివేసిన చోటే కీలు. మీ ఫార్ములా కూడా సరిగ్గా అలాంటి చెయ్యి కోసమే తయారైంది.

పుస్తకాల్లోని ఫార్ములా వై పైకి పెరుగుతుందని అనుకుంటుంది. కంప్యూటర్ తెర మీద మూలబిందువు ఎడమవైపు పై మూలలో ఉండి, వై కిందికి పెరుగుతుంది. దానివల్ల కాగితం మీద అపసవ్య దిశలో తిరిగే ధన కోణం తెర మీద గడియారపు ముల్లులా సవ్య దిశలో తిరుగుతుంది. కొస మాత్రం మౌస్ దగ్గరికే చేరుతుంది, ఎందుకంటే లెక్క అంతా ఒకే పద్ధతిలో జరిగింది. మోచెయ్యి మాత్రం మీరు ఊహించినదానికి రెండో పక్క కనబడుతుంది. మోచేతి కోణపు గుర్తు మార్చండి, చాలు. బొమ్మను ఎడమ నుంచి కుడికి తిప్పి నిలబెడితే ఆ గుర్తు మళ్లీ మారాలి, కనుక గుర్తును కోడ్‌లో పాతిపెట్టకుండా బొమ్మ ముఖం ఎటు ఉందో దానికి ముడిపెట్టండి.

రెట్టింపు తిరగడానికి కారణం వేరు. ఇన్వర్స్ ఫంక్షన్ ఇచ్చే మోచేతి కోణం పైచేయితో పోల్చి చెప్పిన కోణం, తెరతో పోల్చి చెప్పినది కాదు. కాన్వాస్ (జావాస్క్రిప్ట్ బొమ్మలు గీసే చోటు) మీద ముందు భుజం దగ్గర తిప్పి, పైచేయి పొడవంత జరిగి, అక్కడ మళ్లీ తిప్పి ముంచేతిని గీస్తున్నప్పుడు, భుజం తిప్పిన తిప్పుడు ముంచేతికి ముందే అందింది. ఆ స్థితిలో రెండు కోణాలూ కూడి ఇస్తే భుజం కోణం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మోచేతి కోణం ఒక్కటే ఇవ్వండి. ముక్కలను గీతలుగా, నిరూపకాలు కట్టి గీసేవారు మాత్రం రెండూ కూడాలి. మీరు ఏ దారిలో ఉన్నారో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది: మోచేతి కోణాన్ని సున్నా దగ్గర ఆపేసి భుజాన్ని మాత్రం తిప్పండి. చెయ్యి మొత్తం ఒక కర్రలా తిన్నగా తిరగాలి. వంగితే కూడిక తప్పు.

మూడోది బొమ్మ గీసిన తీరుకు సంబంధించినది. చిత్రాన్ని కాన్వాస్ మీద పెట్టినప్పుడు దాని ఎడమ పై మూల మూలబిందువు దగ్గర పడుతుంది. మీకు కావలసింది దారం రంధ్రం అక్కడ పడడం. కాబట్టి ప్రతి ముక్కలోనూ రంధ్రం ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉందో పిల్లల చేతే కొలిపించి, చిత్రాన్ని అంత వెనక్కు జరిపి గీయండి. లింకు పొడవు కూడా రంధ్రం నుంచి రంధ్రానికే కొలవాలి. పిల్లలు చేతులను కిందికి వేలాడుతున్నట్టు గీస్తారు, ఫార్ములా మాత్రం సున్నా కోణమంటే కుడివైపు చాచిన చెయ్యి అనుకుంటుంది. వై కిందికి పెరిగే తెర మీద కిందికి వేలాడే చెయ్యి 90 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. పైచేతి ముక్కను గీసేటప్పుడు భుజం కోణంలోంచి ఆ 90 తీసివేయండి. ముంచేతి ముక్క కూడా అలాగే వేలాడుతూ గీసినదైతే దానికి పైచేతితో పాటే ఆ సవరణ అందుతుంది, మళ్లీ తీయకూడదు. పైచేతి అవతలి రంధ్రం దగ్గరికి జరగడం కూడా అడ్డంగా కాదు, ముక్క గీసిన తీరున కిందికే.

మౌస్ అందనంత దూరం పోయినప్పుడు బొమ్మ మాయం కాకుండా, భుజం నుంచి మౌస్ దిశలో అంచు మీద ఉన్న బిందువును గమ్యంగా ఇవ్వండి. తాలుకాయలు ఏరే చెయ్యికి వద్దన్న బిగింపు ఇక్కడ ముద్దే, అందని వస్తువు వైపు చెయ్యి చాచి చూపడం బొమ్మకు శోభ.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాపు మాది. మా అబ్బాయి ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో, చెప్పిన కోణం దగ్గర నిలిచే చిన్న సర్వో మోటార్లతో చెయ్యి చేశాడు. కంప్యూటర్ బొమ్మలో సరిగ్గా కదులుతుంది, బల్ల మీద మాత్రం ఒక పక్క అసలు తిరగదు, మిగతా చోట్ల అర అంగుళం పక్కకు పోతుంది. కొస వణుకుతుంది కూడా. మోటార్లు మార్చమంటారా?

జవాబు: ఇంకా మార్చకండి. ఒక పక్క తిరగకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా రుణ కోణాలే. ఆర్డుయినో సర్వో లైబ్రరీ 0 నుంచి 180 డిగ్రీల వరకే తీసుకుంటుంది. −40 అని ఇస్తే సున్నా దగ్గర కూర్చుంటుంది, ఏ ఫిర్యాదూ చెయ్యదు. మోచెయ్యి అటూ ఇటూ వంగాలంటే, సర్వోను 90 దగ్గర నిలిపి, చెయ్యి తిన్నగా ఉండేట్టు హారన్‌ను (మోటారు ఇరుసుకు తగిలించే చిన్న రెక్కను) ఇరుసుకు బిగించి, లెక్కలో వచ్చిన కోణానికి 90 కలిపి పంపాలి. మోటారును తలకిందులుగా బిగించి ఉంటే కలపడానికి బదులు 90లోంచి తీసివేయాలి. హారన్ పళ్ల మీద కూర్చుంటుంది కాబట్టి సరిగ్గా తిన్నగా రాదు, కొన్ని డిగ్రీలు మిగిలిపోతాయి. ఆ మిగులును కొలిచి కోడ్‌లో ఒక స్థిర సంఖ్యగా రాసుకోవాలి.

అర అంగుళం తేడాకు రెండు చోట్ల వెతకండి. లింకు పొడవును ముక్క చివరి నుంచి చివరికి కొలిచి ఉంటే అది తప్పు, ఇరుసు మధ్య నుంచి ఇరుసు మధ్యకు కొలవాలి. మీ వర్క్‌షాపులో వెర్నియర్ ఉంటుంది కనుక అది నిమిషం పని. రెండోది, ఆ లైబ్రరీ మామూలుగా సున్నా డిగ్రీలకు 544 మైక్రోసెకన్ల పల్స్, 180కి 2400 మైక్రోసెకన్ల పల్స్ పంపుతుంది, కానీ ప్రతి మోటారూ ఆ పల్స్‌కు సరిగ్గా అంతే తిరగాలని లేదు. 45, 135 ఇచ్చి, కోణమానితో నిజంగా ఎంత తిరిగిందో కొలవండి. 90 తేడాకు బదులు 84 తిరిగితే ఆ నిష్పత్తినే లెక్కలో పెట్టాలి.

వణుకుకు ముందు విద్యుత్తును అనుమానించండి. బోర్డు 5 వోల్టుల పిన్ నుంచే రెండు మూడు సర్వోలకు కరెంటు ఇస్తే, బరువు పడ్డప్పుడు వోల్టేజి కుంగి బోర్డే రీసెట్ అవుతుంది. సర్వోలకు వేరే సప్లై పెట్టి, రెండు సప్లైల గ్రౌండ్లనూ కలపండి. అయినా వణికితే, చెయ్యి పూర్తిగా చాచిన చోట మాత్రమే వణుకుతోందా అని చూడండి. పై ఉత్తరంలోని 12, 9 సెంటీమీటర్ల చెయ్యినే తీసుకుంటే, కొసను 15 సెంటీమీటర్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు లోపలికి జరపడానికి మోచెయ్యి 0.8 డిగ్రీ వంగితే చాలు; అదే 21 నుంచి 20.9కి రావడానికి సుమారు 11.3 డిగ్రీలు వంగాలి. సెన్సార్ ఒక్క మిల్లీమీటరు తడబడితే మోటారు ఎంతలా ఊగుతుందో దీన్నిబట్టి చూడండి. అంచుకు దగ్గరగా పని పెట్టకుండా చెయ్యి సగం వంగి ఉండే చోట బల్లను అమర్చుకోవడమే దీనికి మందు. సర్వోకు డిగ్రీలు పూర్ణాంకాల్లోనే పోతాయని కూడా అబ్బాయికి చెప్పండి: 21 సెంటీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 3.7 మిల్లీమీటర్లు. సన్నని కదలిక కావాలంటే నేరుగా మైక్రోసెకన్లలో పంపే ఫంక్షన్ వాడాలి.

ప్రశ్న: మంగళగిరి నుంచి రాస్తున్నాను. నా చెయ్యికి నాలుగు కీళ్లు, అన్నీ ఒకే తలంలో. ఫార్ములా దొరకలేదు కాబట్టి జాకోబియన్ (ఒక్కో కీలు కొద్దిగా తిరిగితే కొస ఎటు ఎంత జరుగుతుందో చెప్పే మాత్రిక) పద్ధతి వాడాను. చెయ్యి తిన్నగా చాచి మొదలుపెట్టి, దాని దారిలోనే కొంచెం లోపలున్న బిందువు ఇస్తే అసలు కదలదు. మిగతా చోట్ల అంచు దగ్గర పిచ్చిగా ఊగుతుంది.

జవాబు: రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. తిన్నగా ఉన్న చేతిలో ఏ కీలును కొద్దిగా తిప్పినా కొస అడ్డంగా జరుగుతుంది, లోపలికి రాదు. రెండు కీళ్ల చెయ్యికి జాకోబియన్ నిర్ధారకం రెండు లింకుల పొడవులనూ మోచేతి కోణపు సైన్‌నూ గుణిస్తే వచ్చేది. ఆ కోణం సున్నా అయితే నిర్ధారకం సున్నా, విలోమం లేదు. సున్నాకు దగ్గర పడితే విలోమం విపరీతంగా పెరిగి కీళ్లను విసిరేస్తుంది. 1986లో పరిశోధకులు వాంప్లర్ ఒకవైపు, నకమురా, హనఫుసాలు మరొకవైపు ప్రతిపాదించిన డ్యాంప్డ్ లీస్ట్ స్క్వేర్స్ పద్ధతి ఈ విసురును అణుస్తుంది: జాకోబియన్‌ను దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించి, వికర్ణం మీద ఒక చిన్న ధన సంఖ్య వర్గాన్ని కలిపి, ఆపైన విలోమం తీస్తారు. అంచు దగ్గర కదలిక నెమ్మదిస్తుంది, కానీ ఊగదు.

అంతకంటే ముందు మీ జాకోబియన్ సరైనదో కాదో చూసుకోండి. ఒక్కో కోణాన్ని లక్షో వంతు రేడియన్ పెంచి, ఫార్వర్డ్ ఫంక్షన్ ఇచ్చే కొస ఎంత జరిగిందో దాన్ని ఆ లక్షో వంతుతో భాగించి, మీరు రాసిన నిలువు వరుసతో పోల్చండి. ఒక్క గుర్తు తప్పినా అక్కడే దొరుకుతుంది.

ఒకే తలంలోని నాలుగు కీళ్లకు మాత్రం జాకోబియన్ అక్కరలేదన్నది నా అభిప్రాయం. కొస నుంచి వెనక్కు ఒక్కో కీలునూ గమ్యం వైపు తిప్పుకుంటూ వచ్చే సీసీడీ (సైక్లిక్ కోఆర్డినేట్ డిసెంట్) పద్ధతిని వాంగ్, చెన్ 1991లో వివరించారు; కోణాలతో పని లేకుండా బిందువులను లింకుల పొడవు ప్రకారం ముందుకూ వెనక్కూ లాగే ఫాబ్రిక్ పద్ధతిని అరిస్టిడౌ, లాసెన్‌బీ 2011లో ప్రచురించారు. రెండూ ఇరవై ముప్పై పంక్తుల కోడ్‌లో ఇమిడిపోతాయి. అయితే తిన్నగా చాచిన చెయ్యి దారిలోనే గమ్యం ఉంటే ఇవి కూడా వంగలేవు, ఎందుకంటే ఎటు వంగాలో చెప్పే ఆధారం వాటికీ ఉండదు. మొదలుపెట్టే భంగిమలో ప్రతి కీలునూ ఒకే పక్కకు ఐదారు డిగ్రీలు వంచి ఉంచండి. గమ్యానికి అర మిల్లీమీటరు లోపలికి చేరినప్పుడో, నూరు ఆవృత్తులు దాటినప్పుడో ఆపేసి, రెంటిలో ఏ కారణంతో ఆగిందో ప్రతిసారీ ముద్రించండి.